పాచి నీళ్ళకు తగిన గాలం

మామిడికాయలు కోస్తూ నిచ్చెన మీదనుంచి జారిపడి మా మామ కుడి భుజం విరగ్గొట్టుకున్న ఏడాది నేను గాలం విసరడం నేర్చుకున్నాను. అంతకుముందు చేపలతో నా సంబంధం సంతలో బేరమాడి కొనడం, ఇంటికి తెచ్చి పొలుసు గీకడం, అంతే.

మాది కృష్ణగిరి దగ్గర, గురుబరపల్లి దాటినాక హైవే వదిలి లోపలికి పోతే వచ్చే పల్లె. మా ఆయనకు హోసూరులో ఫ్యాక్టరీ పని. కంపెనీ బస్సు తెల్లవారకముందే వచ్చి తీసుకుపోతుంది, షిఫ్టును బట్టి ఎప్పుడో తెచ్చి దింపుతుంది. నేను వసారాలో కుట్టుమిషను పెట్టుకొని చుట్టుపక్కల ఆడవాళ్ళకు జాకెట్లు కుడతాను. అత్తామామలు మాతోనే ఉంటారు. నిజానికి మేమే వాళ్ళతో ఉంటామనాలి, ఇల్లూ మామిడితోటా వాళ్ళవే కాబట్టి. మామ మా అమ్మకు దూరపు తమ్ముడి వరస. అందుకని ఆయనను చిన్నప్పటినుంచీ నువ్వనే పిలుస్తాను. పిలుపు దగ్గరిదే గాని మాటలు తక్కువ. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక ఏళ్ళ తరబడి మా మధ్య నడిచింది అన్నం పెట్టేదా, పెట్టమ్మా అన్నంతవరకే.

ఆయనకున్న ఒకే ఒక సరదా చెరువు. ఆదివారం తోటలో పని ఉన్నా లేకపోయినా పొద్దున్నే గాలం కర్ర భుజాన వేసుకొని పోయేవాడు. ఒకప్పుడు వెదురు కర్ర. తరువాత మా ఆయన ఫోనులో ఆర్డరు పెట్టి రీలు ఉన్న మంచి కర్ర తెప్పించి ఇచ్చాడు. దాన్ని మామ కొత్త చొక్కాలా చూసుకునేవాడు, వాడినాక తుడిచి అటక మీద పెట్టేవాడు.

కృష్ణగిరిలో ఆపరేషను చేసి భుజంలో ప్లేటు వేశారు. ఎముక అతికింది గాని చెయ్యి రొమ్ము ఎత్తు దాటి లేవలేదు. అన్నం కలుపుకోగలడు, గుండీలు పెట్టుకోగలడు. గాలం విసరాలంటే మాత్రం కర్రను తల వెనక్కి తీసుకుపోయి ఒక్క ఊపున ముందుకు తేవాలి. అది ఇంక కుదరదని డాక్టరు చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా. ఇంటి వెనకాల ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, పళ్ళు కరుచుకొని, కర్ర అటక మీదికి ఎక్కించేశాడు.

ఆ తరువాత రోజంతా వసారాలోనే కూర్చునేవాడు. నా మిషను ఒక పక్క, ఆయన మంచం ఒక పక్క. టీవీ పెట్టేవాడు కాదు. అత్త కాఫీ తెచ్చి ఇస్తే చల్లారిపోయేదాకా అలాగే పట్టుకొని కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం నేను జాకెట్టు చేతులు కుడుతూ ఉంటే, ఉన్నట్టుండి అడిగాడు.

"అమ్మా, నువ్వొక తూరి విసిరి చూస్తావా?"

"ఏమి మామా?"

"గాలం. ఎట్ల విసరాలో నేను చెప్తాను. నువ్వు విసిరిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

అత్త లోపలినుంచి వింటూనే ఉంది. "ఊరోళ్ళు ఏమంటారో ఆలోచన చేసినావా? కోడలు కట్ట మీద గాలం పట్టుకొని నిలబడితే బాగుంటాదా?" అంది. నేను కుట్టు ఆపి, "ఆదివారం పోదాంలే అత్తా, ముసుగేసుకొని దొంగతనానికేం పోము కద," అన్నాను. అత్త మళ్ళీ లోపలి పనిలో పడింది. ఒప్పుకుందని కాదు, మామ ఆ మాత్రం మాట్లాడి చాలా రోజులైందని ఆమెకూ తెలుసు.

మామిడితోటలో గాలం ముల్లు తీసేసి, దారం కొసకు ఒక బోల్టు కట్టి నేర్పాడు. మొదట్లో బోల్టు నా వెనకాల చెట్లకు తగులుకునేది. ఎప్పుడు వేలు వదలాలో తెలిసేదాకా కొంచెం కాలం పట్టింది. నా చెయ్యి పట్టుకొని చూపించడానికి ఆయన చెయ్యి లేవదు, కోడలి చెయ్యి పట్టుకునే అలవాటూ లేదు. అన్నీ నోటితోనే చెప్పాడు. "ఇప్పుడు వదులు. ముందే వదిలినావు. ఇప్పుడు లేటయింది." తోట చివరి గట్టు దాకా బోల్టు పోయిన రోజు, "చాలు, ఇంక నీళ్ళకాడికి పోదాం," అన్నాడు.

చెరువు మా పల్లెకూ పక్క పల్లెకూ నడుమ ఉంది. చెరువు చేపలను వేలంలో పాట పాడుకున్నాయన మామకు చిన్ననాటి స్నేహితుడు, అందుకే గాలానికి అడ్డు చెప్పడు. ఆయన పెట్టిన షరతు ఒకటే: పోయినప్పుడు ఒక చేప ఇంటికి, మిగతావి నీళ్ళకి. మామకు కావలసింది కూడా పెద్ద కెండ ఒకటే. కెండ అంటే అరవంలో కెండై. ఆంధ్ర వైపు బంగారుతీగ అంటారట. పసుపు కలిసిన గోధుమ రంగు, నోటి పక్కన చిన్న మీసాలు, బురద తవ్వుకుంటూ తిరిగే చేప.

అంతకుముందు రెండేళ్ళలోనే చెరువు మారిపోయింది. పై పొలాలనుంచి ఎరువు నీళ్ళు దిగి, అడుగునుంచి గడ్డి, పాచి మోకాలెత్తు పెరిగాయి. పైకి చూస్తే నీళ్ళు తేటగా ఉంటాయి. గాలం వేసి లాగితే ఆకుకూర కట్టలా పచ్చటి మోపు వస్తుంది. కట్ట మీద ఆదివారం కూర్చునే నలుగురైదుగురు మగవాళ్ళు వేసేది అందరూ వేసే స్ప్రింగు గాలమే. మధ్యలో ఇనప స్ప్రింగు, దానికి నూనె తీసిన చెనిక్కాయ చెక్క, తవుడు, బెల్లం కలిపిన ముద్ద పట్టిస్తారు. చుట్టూ అర డజను ముళ్ళు వేలాడుతాయి. కింద సీసం గుండు. మామ కట్టించింది కూడా అదే.

మొదటి ఆదివారాలు పాచి పట్టుకోవడంతోనే సరిపోయాయి. చేపకు తగలాల్సిన ముల్లు ఒకటైతే, గడ్డికి తగిలేవి మిగతావన్నీ. లాగితే దారం తెగేది, లేదా కట్ట మీది మగవాళ్ళు నవ్వేటంత పెద్ద మోపు వచ్చేది. వాళ్ళలో ఒకాయన, "అమ్మా, ఇంట్లో ఆవుకు సరిపోతాది కద, దండగ లేదు," అన్నాడు. నాకు కోపం రాలేదు, ఎందుకంటే ఆయన గాలానికీ అంతే వచ్చింది.

ఒక ఆదివారం నిజంగానే చేప తగిలింది. కర్ర కొన వంగి, రీలు గిర్రున తిరిగింది. చేప నేరుగా దట్టమైన పాచిలోకి దూసుకుపోయి ఆగిపోయింది. మామ ఏదో చెప్తున్నాడు, నాకు వినిపించలేదు. బలమంతా పెట్టి లాగాను. దారం రీలుకు దగ్గర్లోనే ఫట్టుమని తెగింది. తెల్లటి దారం చాలా పొడుగున నీళ్ళమీద పడి, నెమ్మదిగా లోపలికి పోయింది.

"పోతే పోనీలే. పెద్దదే," అన్నాడు మామ. ఆ రోజు ఇంటికి నడుస్తూ ఆ చేప ఎంత ఉంటుందో చేత్తో చూపించుకుంటూ వచ్చాడు. నాకు సంతోషంగానే అనిపించింది.

మరుసటి ఆదివారం మేము పోయేసరికి పాట పాడుకున్నాయన కట్ట కిందే ఉన్నాడు. మమ్మల్ని చూసి, "రాప్పా, ఒకటి చూపించాల," అన్నాడు మామతో. మమ్మల్నిద్దరినీ తన పుట్టిలో ఎక్కించుకొని చెరువు మధ్యకు తీసుకుపోయాడు. ఒకచోట పాచి మధ్య నీళ్ళు కదులుతున్నాయి. కొంచెం కదలడం, ఆగడం. ఆయన తెడ్డుతో పాచి తొలగించాడు.

మా చేపే. మా దారం, మా స్ప్రింగు. సీసం గుండూ ఖాళీ ముళ్ళూ గడ్డిలో చిక్కుకుంటే, నోట్లో దిగిన ఒక ముల్లు చేపను ఆ చోటనే కట్టి ఉంచింది, గుంజకు కట్టిన దూడలాగా. అది తిరిగిన మేరకు గుండ్రంగా గడ్డి నలిగిపోయింది. చేప తల పెద్దదిగా, ఒళ్ళు సన్నగా కనబడింది. నోరు ఒక పక్క చీలి తెల్లబడింది. పాట పాడుకున్నాయన కత్తితో దారం కోసి ముల్లు తీశాడు. చేప కాసేపు పక్కకు ఒరిగి, నెమ్మదిగా లోపలికి దిగింది.

"బతుకుతాదా అప్పా?" అని అడిగాను.

"చెప్పలేనమ్మా. మీరని కాదు, అందరి గాలాలూ ఇట్లనే చేస్తాండాయి. పోయిన నెల ఒకటి చచ్చి తేలింది." ఆయన కోపంగా అనలేదు. అదే మామకు ఎక్కువ తగిలింది. కట్టకు రాగానే కర్ర విప్పేసి సంచిలో పెట్టాడు. "పట్టుకొని తింటే అది వేరే సంగతి. ఇట్ల కట్టేసి చంపేది యాడన్నా ఉండాదా? ఇంక వద్దులేమ్మా," అన్నాడు.

తరువాతి ఆదివారాలు మళ్ళీ వసారాలో మంచం. కాఫీ మళ్ళీ చల్లారింది. అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, "ఏమైందే? చెరువుకాడ ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగింది. చేప సంగతి చెప్పాను. తోముతున్న గిన్నె కడిగి బోర్లించింది. "మరి అట్ల కాకుండా కట్టే దారి లేదా?" అంది చివరికి. వద్దన్న మనిషి ఆ మాట అడగడం నాకు వింతగా తోచింది.

దారి ఉందో లేదో నాకూ తెలియదు. మా ఆయన షిఫ్టుకు పోయినాక ఫోనులో వెతికాను. చలిదేశాల వాళ్ళు గడ్డి నీళ్ళలో ఈ కెండనే పట్టే వీడియోలు చాలా ఉన్నాయి. వాళ్ళ మాట సగం అర్థమయ్యేది కాదు, చేతులు చూసేదాన్ని. వాళ్ళ దగ్గర ప్రతిదానికీ ఒక ప్లాస్టిక్ సామాను ఉంది, మా దగ్గర దొరకదు. కాని రెండు సంగతులు తెలిశాయి. వాళ్ళందరూ ఒక్క ముల్లే వాడుతున్నారు. చేప తగిలినాక గుండు ఎలాగోలా ఊడి పడిపోయేటట్టు చూసుకుంటున్నారు.

మామకు చూపించాను. మొదట ముఖం తిప్పుకున్నాడు. తరువాత ఫోను దగ్గరికి తీసుకొని, కళ్ళు చికిలించి చూశాడు. ఒక వీడియోలో ఎరను ముల్లుకు గుచ్చకుండా, ముల్లు వెనకాల వెంట్రుకలాంటి సన్న దారానికి కట్టి వేలాడదీశారు.

"ముల్లు బయటే కనబడతా ఉండాది కద. చేప ఏమన్నా పిచ్చిదా, వచ్చి తగులుకొనేదానికి?" అన్నాను నేను.

మామ తల అడ్డంగా ఆడించాడు. "కెండ కొరకదమ్మా. పీలుస్తాది. బురదతో సహా లోపలికి పీల్చి, వద్దనుకొనింది ఊసేస్తాది. గింజను పీలిస్తే దాని వెనకే ముల్లు వస్తాది. ఊసేటప్పుడు పెదవికి తగులుకుంటాది." చాలా రోజుల తరువాత ఆయన గొంతు మామూలుగా వినబడింది. "వీడెవడో గాని బాగానే ఆలోచించినాడు."

ఆ సాయంత్రం కటింగ్ ప్లేయరు తెచ్చి, సంచిలో ఉన్న ఇంకో స్ప్రింగు గాలం ముళ్ళన్నీ ఒకటొకటిగా తెంపేశాడు. ఒక్కటి మిగిల్చాడు. దాన్ని చేతిలో పెట్టుకొని, "ఒకటే ముల్లంటే తగిలేది తక్కువ," అన్నాడు. "తగిలింది చేతికొస్తాది కద మామా," అన్నాను. సరేనన్నట్టు స్ప్రింగును కూడా పక్కన పెట్టేశాడు.

గుండు సంగతి నాకు మిషను దగ్గరే తోచింది. జాకెట్టు కుట్టేముందు ముక్కలు కదలకుండా పొడుగు కుట్లు వేసి, పని అయ్యాక లాగేసే నూలు దారం ఒకటి ఉంటుంది. తెగడానికే పుట్టిన దారం. సీసం గుండు బదులు ఒక గులకరాయి, దాన్ని ఈ నూలుదారంతో కడితే? రాయి గడ్డిలో చిక్కుకుంటే దారం తెగి రాయి అక్కడే ఉంటుంది, చేప వస్తుంది. సీసం కూడా చెరువులో పడదు.

మామ వెంటనే తలూపలేదు. రాయి కట్టి లాగి చూడమన్నాడు. పొడి దారం చిటుక్కున తెగింది. బకెట్లో నానబెట్టి లాగితే అంత సులభంగా తెగలేదు. నూలు తడిస్తే గట్టిపడుతుందని నాకు తెలియకపోవడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను; బట్టలు ఉతికే ఎవరికైనా తెలిసినదే. పేనిన దారంలో ఒక పేట తీసి సన్నం చేసి మళ్ళీ కట్టాను. తడిసినా చేత్తో ఒక్క గుంజుకు తెగే దారం దొరికేదాకా వసారా అంతా రాళ్ళూ దారం ముక్కలూ పడ్డాయి. జాకెట్టు కోసం వచ్చిన ఒకామె వాటిని చూసి ఏమీ అడగకుండా పోయింది.

ఇంకొక చిక్కు ఎర. మామూలుగా వేస్తే అది గడ్డిలోకి దిగి కనబడకుండా పోతుంది. నానబెట్టిన మొక్కజొన్న గింజలు రెండు, వాటిపైన టీవీ డబ్బాలోంచి తీసిన థర్మాకోల్ పూస ఒకటి గుచ్చాం. పూస పెద్దదైతే ఎర బెండులా తేలిపోతుంది, చిన్నదైతే మునిగిపోతుంది. అత్త నీళ్ళు పట్టి ఉంచిన గంగాళంలో వేసి చూస్తూ, బ్లేడుతో పూసను చెక్కుతూ కూర్చున్నాం. రాయి అడుగున ఉండి, గింజలు గడ్డి కొసలకు కొంచెం పైన నిలబడేటట్టు కుదిరేసరికి, అత్త వచ్చి గంగాళం నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టుకుంది. తిట్టలేదు గాని, చెంబుతో గట్టిగా చప్పుడు చేసింది.

ముల్లు దగ్గరి దారం విషయంలో మాకు కొంచెం వాదన జరిగింది. నేను అంతా లావు దారమే ఉండాలన్నాను, తెగకుండా.

"తెగని దారం లేదమ్మా," అన్నాడు మామ. "తెగేదెట్లనో తెగుతాది. యాడ తెగాలనేది మన చేతిలో ఉండాది. రీలు నుంచి లావుది పెట్టు. ముల్లుకాడ జానెడు మాత్రం దానికంటే సన్నంది పెట్టు. తెగితే చేప నోటికాడే తెగాల. పొడుగు దారం ఈడ్చుకుంటా పోకూడదు."

ఆయన చెప్పినట్టే కట్టాను.

ఆదివారం చెరువు దగ్గర మొదటి పని చేప కాదు, చోటు. వట్టి గుండు ఒకటి కట్టి నన్ను అటూ ఇటూ విసరమన్నాడు. నేను నెమ్మదిగా లాగుతుంటే ఆయన ఎడమ చేతి వేలు దారానికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "ఈడ గడ్డి. ఇంకా గడ్డి. ఆ... ఆడ గట్టిగా తగిలింది చూడు. మళ్ళీ అక్కడికే వెయ్యి." పాచి మధ్య తట్టంత నేల దొరికింది, ఒడ్డుకు మరీ దూరం లేదు. కెండలు తవ్వి తవ్వి శుభ్రం చేసుకున్న చోటు అదేనన్నాడు.

వట్టి గుండు తీసి కొత్త గాలం కట్టాను. తోటలో నేర్చుకున్నట్టు కర్ర వెనక్కి తీసుకుపోయి బలంగా విసిరాను. రాయి ఒక్కటే పోయింది. నూలుదారం గాలిలోనే తెగి, రాయి చెరువు నడిమధ్యన దబ్బున పడింది. నీటికాకులు లేచిపోయాయి. ముల్లూ గింజలూ నా కాళ్ళ ముందే పడ్డాయి. కట్ట మీది మగవాళ్ళు బాగా నవ్వారు, ఈసారి మామ కూడా నవ్వాడు.

మళ్ళీ ఒక రాయి కట్టాను. అదీ పోయింది. మూడోసారి విసరడానికి భయమేసి, కర్రను పైకెత్తకుండా, రాయిని మోకాలి దగ్గర వేలాడదీసి, ఉయ్యాల ఊపినట్టు కిందనుంచి ముందుకు ఊపి వదిలాను. మెత్తగా పోయి, మేము చూసుకున్న చోటికి కొంచెం పక్కగా పడింది. దారం తెగలేదు.

నేను ఎర సరిచూద్దామని లాగి మళ్ళీ అలాగే ఊపి వేశాను. మామ నా చేతుల్నే చూస్తున్నాడు. తరువాత లేచి నిలబడ్డాడు.

"ఇటియ్యమ్మా."

కర్ర ఇచ్చాను. కుడి చెయ్యి నడుము దగ్గరే పెట్టుకొని, ఎడమ చేత్తో కర్ర అడుగు పట్టుకొని, రాయిని ఒకసారి, రెండుసార్లు ఊపి వదిలాడు. భుజం లేవాల్సిన పనే పడలేదు. రాయి ఆ తట్టంత చోటు మధ్యలో, చప్పుడు లేకుండా దిగింది. ఏమన్నా అంటాడేమో అనుకున్నాను. "కూర్చో, ఎండ మీద పడతా ఉండాది," అన్నాడు.

దూరం విసరలేని బలహీనపు దారాన్ని మేము చేప కోసమని ఎంచుకున్నాం. అది ఆయన చేతికి కూడా సరిపోతుందని ఇద్దరికీ తోచలేదు. తోచి ఉంటే మొదటే చేసేవాళ్ళం. ఆయన ఇన్ని నెలలు మంచం మీద కూర్చునేవాడు కాదు.

ఎండ ఎక్కాక చేప తగిలింది. దారం బిగిసింది, కర్ర కొన వంగింది, ఆయన ఒక అడుగు ముందుకు పడ్డాడు. చేప పక్కకు తిరిగి పాచిలోకి పోయింది. నీళ్ళలో ఏదో అదిరినట్టు కనబడింది, బహుశా రాయి ఊడిన క్షణం. తరువాత అంతా ఆగిపోయింది. దారం నేరుగా పచ్చటి మోపులోకి పోయి కదలకుండా నిలిచింది.

"లాగు మామా," అన్నాను. పోయినసారి దారం తెగిన చప్పుడు నా చెవిలో ఉంది, అయినా నోటికి ఆ మాటే వచ్చింది.

"సుమ్మనే ఉండు, లాగకూడదు." ఆయన కర్ర దించి, దారం వదులు చేశాడు. "ఇప్పుడు మనం లాగితే అది ఇంకా లోపలికి దూరుతాది. వదిలితే ఎవరూ పట్టుకోలేదనుకొని అదే బయటికి వస్తాది. లోపల దానికి చిక్కుకునే గుండు లేదు, వేరే ముల్లు లేదు. రానీ."

చాలాసేపు అలాగే నిలబడ్డాం. నాకైతే చేప ఎప్పుడో తప్పించుకుపోయిందనే అనిపించింది. అప్పుడు వదులుగా ఉన్న దారం దానంతటదే పక్కకు జరగడం మొదలుపెట్టింది. మామ అది పాచి అంచు దాటేదాకా ఊరుకొని, అప్పుడు రీలు తిప్పాడు.

ఒడ్డుకు తెచ్చేసరికి ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది. భుజం నొప్పి పెడుతున్నట్టు తెలుస్తోంది, కర్ర అడిగితే ఇస్తాడని నమ్మకం లేదు. నేను చీర కుచ్చిళ్ళు దోపుకొని మోకాలి లోతు దిగి, చేతివలతో చేపను అందుకున్నాను. బరువుకు వల కర్ర వంగింది. తలమీద ఆకుపచ్చ గడ్డి టోపీలా చుట్టుకొని ఉంది. గడ్డి తీస్తే కింది పెదవికి సరిగ్గా మధ్యలో ముల్లు ఒక్కటే. రాయి లేదు, నూలుదారం కొస మాత్రం మిగిలి ఉంది.

పాట పాడుకున్నాయన వచ్చి చేపను రెండు చేతుల్లో ఎత్తి చూశాడు. "ఇంటికి తీసుకుపో అప్పా," అన్నాడు. మామ నా వైపు చూశాడు. వదిలేస్తాడేమోనని అనుకున్నాను. "తీసుకుపోదాం. మీ అత్త అడిగింది కద," అన్నాడు. అత్త చేప అడగలేదు, దారి అడిగింది. ఆ ముచ్చట ఆయన చెవిన పడిందని అప్పుడే తెలిసింది.

పాచి నీళ్ళ చేపకు బురద వాసన ఉంటుంది. అత్త ఉప్పూ పసుపూ రాసి, పులిసిన మజ్జిగలో నానబెట్టి, చింతపులుసులో ఉడికించింది. రాగిముద్దతో నలుగురం తిన్నాం. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి ఎవరు పట్టారని అడిగాడు. "మీ నాయన," అన్నాను. "ఆమె కట్టింది," అన్నాడు మామ, ముల్లు తీసుకుంటూ.

కట్ట మీది వాళ్ళలో ఇద్దరు ఆ గాలం కట్టించుకుపోయారు. ఆవు గడ్డి ముచ్చట ఆడినాయన మాత్రం స్ప్రింగు వదల్లేదు. దూరం వేసేవాడికి నూలుదారం పనికిరాదంటాడు, అది నిజమే. పాట పాడుకున్నాయన అయితే తరువాత ముళ్ళ గుత్తి వేసేవాళ్ళను కట్ట ఎక్కవద్దన్నాడు. కొందరు గొణిగారు, కొందరు వేరే చెరువు చూసుకున్నారు.

మామకు నా అవసరం ఇంక లేదని నేను ఆ వారమే అనుకున్నాను. శనివారం జాకెట్లు ఎక్కువ ఉన్నాయి, పొద్దున లేటుగా లేవవచ్చు అని కూడా లెక్క వేసుకున్నాను. ఆదివారం తెల్లవారి వాకిలి ఊడుస్తుంటే ఆయన అటక దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో రెండు కర్రలు. ఒకటి రీలుది. రెండోది ఆయన పాత వెదురుది, తుడిచి, కొసకు కొత్త దారం కట్టి ఉంది.

"రెండు కర్రలు యాల మామా?"

"వెదురు నాకు అలవాటు. రీలుది నువ్వు పట్టు," అన్నాడు.

ఇప్పుడు కట్ట మీద ఒకరికొకరం కొంచెం దూరంగా కూర్చుంటాం. ఇద్దరం ఒకేచోట వేస్తే దారాలు పెనవేసుకుంటాయి. నిజం చెప్పాలంటే, ఒక్క కర్ర ఉన్నప్పటికంటే ఇప్పుడు మాటలు తగ్గాయి. ఏదైనా తగిలితే ఆయన తల తిప్పి చూస్తాడు. నేను లాగబోతే చెయ్యి కొంచెం ఎత్తుతాడు, ఎత్తగలిగినంత. నేను దారం వదులు చేస్తాను.